నాలుగో గాజుపలక

నేను ఒక గాజుపలకను. జానెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు. లోకంలో గాజు అన్నది పగలకూడదని అందరూ కోరుకుంటారు. పగలడమే ఉద్యోగంగా దొరికింది నాలాంటి ఏ కొందరికో.

కొలిమికి ముందు ఇసుకను. ఏ ఏటి ఒడ్డునో వెన్నెల కాగుతూ పడుకున్న రోజులు ఇప్పటికీ కలలోకొస్తాయి. తర్వాత ఫొటో ఫ్రేముల కొట్లో, ఎవరిదో పెళ్లిఫొటోకి కొలతపెట్టి కోయగా మిగిలాను. పెళ్లికొడుకు మీద కొలువుండే యోగం అంగుళం తేడాలో తప్పింది.

నన్ను కొన్నది త్రిమూర్తులు, కాలువ మీది పాత వంతెనను చూసుకునే వర్క్ ఇన్‌స్పెక్టరు. లారీలు లేని కాలంలో కట్టిన వంతెన అది. దాని కాళ్ల దగ్గరే ఇసుక తవ్వుకుపోతే గట్టు పక్కనున్న స్తంభం కుంగి, బీటవారింది. పెద్ద ఇంజినీరు వచ్చి, బీటకి అడ్డంగా గాజుపలకను సిమెంటుతో అతికించమన్నాడు. పలక పగిలితే బీట పెరుగుతున్నట్టు. ఆ రోజే బస్సులు ఆపి తనకి కబురు చెయ్యాలి. చెప్పి వెళ్లినాయన మళ్లీ రాలేదు.

మొదటి పలక పగిలినప్పుడు త్రిమూర్తులు బస్సులు ఆపాడు. ఎవరో పెళ్లివారు చుట్టుదారిన వెళ్లేసరికి ముహూర్తం దాటింది. ఇంజినీరు ఉండేది జిల్లా కేంద్రంలో, పెళ్లివారు ఉండేది పక్కవీధిలో. ఎవరికి భయపడాలో ఆయనకి తెలిసొచ్చింది. రెండో పలక పగిలితే ఎండ అనుకున్నాడు. మూడోది పగిలితే గాజు నాసిరకం అన్నాడు. నా వంతుకి సిమెంటు మానేసి, కిటికీ అద్దాలకి పెట్టే మెత్తటి లప్పంతో అతికించాడు.

లప్పంలో ఉండడమంటే పరుపు మీద ఉండడమే. వెనక బీట విచ్చుకునే కొద్దీ నేనూ కాస్త కాస్త జరిగేదాన్ని. నీళ్ల వెలుగు వంతెన పొట్ట మీద ఆడుతుంటే, పైన బస్సులు జోలపాడుతుంటే, నాకు మగతగా ఉండేది. ప్రతి సోమవారం ఆయనొచ్చి, ‘పలక భద్రం’ అని రాసుకుని, ఇంటికెళ్లి హాయిగా అన్నం తినేవాడు.

ఆ స్తంభం నీడలో చేపలమ్మే నూకరత్నం మాత్రం నా వంక చూసేది కాదు. చేపలు కోసే కత్తిని బీటలో దోపుకోవడం ఆమెకి అలవాటు. ఎండాకాలంలో మొన మాత్రమే దూరేది.

“త్రిమూర్తులుగారండీ, కత్తి పిడి దాకా దిగిపోతందండీ.”

“పలక పగల్లేదుగా, నూకరత్నం.”

“అద్దం సంగతి నాకెందుకండీ? కింద కూకునేది నేను, పైన బస్సులో కాలేజీకెళ్లేది నా కూతురు.”

ఓ ముసురు పొద్దున కత్తి పిడితో సహా లోపలికి జారిపోయింది. నూకరత్నం గట్టెక్కి, వంతెన ఎక్కబోతున్న బస్సుకి అడ్డంగా చేపలబుట్ట దించి కూర్చుంది. డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. బస్సులో కూతురు సిగ్గుతో తల దించుకుంది. త్రిమూర్తులుని పిలిపించారు. పగల్లేదని చూపిస్తే ఊరుకుంటుందని, ఆయన కిందికి దిగి నన్ను వేలితో తట్టాడు.

గీతైనా పడకుండా ఊడి ఆయన చేతిలోకొచ్చాను. నేనున్న చోట, బీటలోంచి, అవతలి గట్టు కనిపించింది.

వంతెన ఎక్కొద్దని ఆ గట్టువాళ్లకి కేకలేసి, పైకొచ్చి, ఆయన కూడా బుట్ట పక్కన రోడ్డు మీద కూలబడ్డాడు. పావుగంట తర్వాత వంతెన, నిద్రలో పక్కకి ఒత్తిగిలినంత మెల్లగా, కాలువలోకి దిగిపోయింది. ఆయన స్కూటరు ఒక్కటే దాని మీద ఉంది.

విచారణలో ఇసుకనీ, లారీలనీ, చివరికి వాననీ తప్పుపట్టారు. త్రిమూర్తులు వంతు వచ్చింది. నన్ను బల్ల మీంచి తీసుకున్నాడు.

“ఇది పగల్లేదండీ. పగలకుండా పెట్టింది నేనేనండీ.”

ఇప్పుడు విచారణ జరిగిన ఆ ఆఫీసు అలమరలో ఉంటున్నాను. పక్కన ఓ కవరులో నా ముందువాళ్లు ముగ్గురూ, ముక్కలై, పని పూర్తిచేసినవాళ్ల నిద్ర పోతున్నారు. వచ్చినవాళ్లు నన్ను ఎత్తి చూసి, అంత వంతెన పడినా ఇది పగల్లేదే అని ముచ్చటపడి, జాగ్రత్తగా మెత్తటి గుడ్డ మీద పెట్టి వెళతారు.

ఎప్పటికైనా ఎవరి చెయ్యైనా జారకపోతుందా అని చూస్తున్నాను.