దాయాదులు

పదో తరగతి చదువుతున్న శ్రీసత్య బడి నుంచి వచ్చి, సైన్సులో మనిషి పరిణామం పాఠం మొదలైందని చెప్పింది. నాయనమ్మ వరలక్ష్మమ్మ సగమే విని, "మనం కోతికి పుట్టామని చెప్పించుకోడానికా పిల్లని అంత దూరం పంపిస్తున్నాం?" అని కొడుకు హనుమంతరాజు మీద విరుచుకుపడింది.

మర్నాడు హనుమంతరాజు రొయ్యల చెరువులో మేత వేయించి, అటునుంచే భీమవరం బడికి వెళ్లాడు. సైన్సు టీచరు మీనాకుమారి స్టాఫ్ రూములో ఉంది.

"గోత్రం ఉన్న కుటుంబమండి మాది. ఆ పాఠం మా అమ్మాయికి చెప్పొద్దు," అన్నాడు కూర్చోకుండానే.

"కోతి మనిషైందని నేను చెప్పలేదండి. పుస్తకంలోనూ లేదు."

"అయితే ఇప్పుడున్న కోతులు మనుషులెందుకు కావట్లేదంటారు?"

ఆ ప్రశ్న ఆమె ఏటా వింటూనే ఉంటుంది. "మీకు దాయాదులున్నారా రాజుగారూ?"

హనుమంతరాజు ముఖం మారింది. చినతాత మనవడు శ్రీనివాసరాజుతో చెరువు గట్టు తగాదా వచ్చి మాటలు ఆగిపోయాయి. "ఉన్నారు," అన్నాడు ముభావంగా.

"మీరు వాళ్లకి పుట్టలేదు. వాళ్లు మీలా మారాలనీ లేదు. ఇద్దరికీ ముత్తాత ఒక్కరే. చింపాంజీకీ మనకీ చుట్టరికం అలాంటిదే. ఆ ముత్తాతలు బతికింది అరవై డెబ్భై లక్షల ఏళ్ల కిందట. వాళ్లు ఇప్పటి చింపాంజీలూ కారు, మనుషులూ కారు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అయితే అది వెనకబడిపోయిన మనిషి కాదన్నమాట."

"కాదండి. దాని దారి దానిది."

"చెప్పండి పాఠం," అని లేచాడు.

తిరిగొస్తుంటే గట్టు మీద శ్రీనివాసరాజు కనిపించాడు. ఎప్పుడూ తల తిప్పుకునే హనుమంతరాజు ఈసారి చూశాడు. నడుం మీద చెయ్యి వేసుకుని, మెడ ఓ పక్కకి వంచి నిలబడ్డ తీరు అచ్చం తన తండ్రిదే. అది ఇన్నాళ్లూ గమనించలేదు. బండి మాత్రం ఆపలేదు.

ఇంట్లో తల్లికి విషయం చెప్పాడు. "కోతి మన తాత కాదమ్మా. దాయాది."

"కోతి ఇంకా దూరం నాన్నా. దగ్గరి దాయాది చింపాంజీ," అని శ్రీసత్య దిద్దింది.

వరలక్ష్మమ్మ ఆలోచించింది. "అయితే అవి పోతే మనకి మైల ఉంటుందా?"

"ఏడు తరాలు దాటితే ఉండదుగా," అన్నాడు హనుమంతరాజు.

ఆవిడ తేలిగ్గా ఊపిరి తీసుకుని, అన్నం వడ్డించడానికి లేచింది.