మేకు చిల్లులు

నేను ఒక తోలు బెల్టును. గేదె తోలు, ఇత్తడి బకిల్, వరసగా గుద్దిన ఆరు చిల్లులు. విజయనగరంలో నన్ను మొదట కొన్నది దాలినాయుడనే హెడ్డు కానిస్టేబులు. ఏడాది తిరక్కుండా ఆయన పొట్ట నన్ను దాటిపోయింది. మనుషులు తమ పొట్టనేమీ అనరు కదా, నన్నే పొట్టిదన్నారు. అలా ఆయన బావమరిది, బస్సు డ్రైవరు సూరప్పడి నడుముకు చేరాను.

ఇరవై రెండేళ్లు అక్కడే ఉన్నాను. మూడో చిల్లు మా ఇద్దరిదీ.

రిటైరయ్యాక సూరప్పడికి కుడిచెయ్యి వణకసాగింది. పార్కిన్సన్స్ అన్నారు. తలకాయకు ఫొటో తీయించారు. నాకు కడుపు లేదుగానీ, కడుపుమంట మాత్రం ఆ రోజే మొదలైంది. ఆ నల్ల ఫిల్మును పట్టుచీరల మధ్య దాచారు. వచ్చిన చుట్టాలందరికీ కిటికీ వెలుతురుకు పట్టి మరీ చూపించారు. ఒక్క పూట తల చూసి వచ్చినదానికి అంత మర్యాద! ఇన్నేళ్లు నడుం పట్టుకుని ఉన్న నన్ను ఒక్కరూ అడగలేదు.

అడిగితే చెప్పేదాన్ని. నాలుగో చిల్లు, అయిదోది, ఆరోది... ఏడాదిలో అన్నీ అయిపోయాయి. ఆయన భార్య పైడమ్మ మేకు కాల్చి ఏడోది పొడిచింది.

"బెల్టు పాతదైపోనాది కదయ్యా, సాగిపోనాది."

"నీ మాటలినీ ఇనీ నేనే సాగిపోనాను, తోలెంతే!" అన్నాడు సూరప్పడు.

ఇద్దరూ నవ్వుకున్నారు. సాగలేదమ్మా, మనిషి తరిగిపోతున్నాడు అని కిర్రుకిర్రుమన్నాను. ఎవరికి పట్టింది? అందరి కళ్లూ ఆ చేతి వణుకు మీదే. ఎనిమిది, తొమ్మిది, పది కూడా పొడిచింది.

ఆ నెల ఆసుపత్రిలో డాక్టరమ్మ కూడా ముందు ఫిల్మునే పైకెత్తి చూసింది. నాకు ఒళ్లు మండిపోయింది. అంతలో సూరప్పడు కుర్చీలోంచి లేచాడు, ప్యాంటు జారింది. పైడమ్మ గభాలున పట్టుకుంది.

"మాయదారి బెల్టండీ, సాగిపోనాది."

డాక్టరమ్మ నన్ను విప్పించి చేతిలోకి తీసుకుంది. నాలుగు మేకు చిల్లులనూ వేలితో తడిమింది. "ఇది సాగలేదమ్మా. ఈయన చిక్కిపోయారు." కాటా ఎక్కిస్తే, నిరుటి కంటే పదకొండు కిలోలు తక్కువ.

పైడమ్మ కాటా వంక మళ్లీ చూసింది. "రోగం తలకాయలో కదండీ?"

"అక్కడొక్కచోటే కూర్చోదమ్మా. పేగులు నెమ్మదిస్తాయి, మలబద్ధకం వస్తుంది. వాసన తెలీక తిండి సయించదు. తిన్నదాన్ని ఒళ్లు వాడుకునే తీరే మారుతుంది. ఇలాగే తగ్గిపోతే నడవలేరు. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి."

ఇన్నాళ్లకు నా మాట విన్నారని పొంగిపోయానో లేదో, ఆవిడే మరో మాటంది. "ఆ వేళ్లతో బకిల్ కష్టం. నాడా ప్యాంటు వేయండి."

నాడా! పిడికెడు నూలు దారం! నన్ను తలుపు వెనక తగిలించి దాన్ని కట్టారు. ఒక్క లాగుడుకు ఊడే దానికి నా నడుమిచ్చారు!

అయితే పైడమ్మకు కాటా మీద నమ్మకం లేదు. ప్రతి ఆదివారం నన్ను దింపి, నాడా మీదుగానే ఆయన నడుముకు చుట్టి చూస్తుంది. మూడు నెలలు పదో చిల్లే. మొన్న ఆదివారం ఎంత లాగినా పదోది అందలేదు.

"ఊపిరి ఒదిలీ అయ్యా!"

"ఒదిలీసేనే!"

తొమ్మిదో చిల్లులో పడింది. పైడమ్మ ఆ చిల్లును వేలితో తడిమి చూసుకుంది. కళ్లు తుడుచుకుని ఇంకో గిన్నెడు అంబలి తేవడానికి లోపలికి పరుగెత్తింది.

కింద నాడా నలిగి ఉక్కిరిబిక్కిరవుతోంది. అవనీ.