మచ్చ మాపడానికి వచ్చినవాళ్లు

చెరకు కోతల రోజుల్లో ఒక మధ్యాహ్నం విరూపాక్ష తన ట్రాక్టర్‌ను గుంటలో దించాడు. న్యాల్‌కల్ దగ్గరి ఆ ఊళ్లో తనంత బాగా బండి నడిపేవాడు లేడని అతనే చెప్పుకునేవాడు. ట్రాలీ ఒక పక్కకు ఒరిగి చెరకు గడలన్నీ బాట మీద పరుచుకున్నాయి. కోతకు వచ్చిన ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. వాళ్లలో అతని భార్య ప్రణీత కూడా ఉంది.

అంతమంది నవ్వినా అతనికి వినబడింది ఆమె నవ్వు ఒక్కటే.

గడలు మళ్లీ ట్రాలీలోకి ఎత్తించాడు. ఇంటికి వచ్చాక, ఆమె వాకిట్లో కాళ్లు కడుక్కుంటుండగా వెనక నుంచి వచ్చి జుట్టు పట్టుకున్నాడు. రెండో చేతిలో చెరకు నరికే కత్తి ఉంది.

“నవ్వు. ఇప్పుడు నవ్వు జూద్దాం.”

కత్తి ఎడమ చెవి కింద దిగి మూతి కొసదాకా వచ్చింది. ప్రణీత అరవబోయింది. నోట్లోంచి రావలసిన గాలి చెంపలోంచి నురగతో బయటికి వచ్చింది. చెంప మీద చెయ్యి పెడితే తెగిన సందులోంచి తన పళ్లే వేళ్లకు తగిలాయి.

అత్త సంగమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. ముందు వీధి తలుపు గడియ పెట్టింది. ఆ తర్వాతే కోడలి గాయంలో పసుపు కుక్కింది.

పక్కింటి సాల్మన్ జహీరాబాద్‌కు షేర్ ఆటో నడుపుతాడు. అతను తలుపు బాదాడు. ఎవరూ తీయకపోతే గోడ దూకి వచ్చాడు. విరూపాక్ష కత్తి ఎత్తితే, సాల్మన్ అక్కడున్న రోకలి అందుకుని, “జరుగు. నువ్వు పొడిస్తే నేను గూడ కొడత,” అన్నాడు. విరూపాక్ష జరిగాడు. ప్రణీతను ఆటో వెనక సీట్లో పడుకోబెట్టి, దారిలో ఎక్కడా ఆపకుండా జహీరాబాద్ సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడ నెత్తురు ఆపి కుట్లు వేశారు. పోలీసులకు కబురు వెళ్లింది, కేసు అయింది.

విరూపాక్ష కొన్నాళ్లు లోపలుండి బెయిల్ మీద వచ్చాడు. ప్రణీత తల్లి బస్వమ్మ ఝరాసంగంలో కూలికి పోయి బతికే విధవ. ఊరి పెద్దలు ఆమెను పిలిపించి, కాపురం అన్నాక ఇట్లాంటివి అవుతుంటాయని, ఇక మీద కాకుండా తాము చూసుకుంటామని చెప్పారు. ప్రణీత మళ్లీ ఆ ఇంటికే వచ్చింది. విరూపాక్ష ఆమెను ముఖం మీద కొట్టడం మానేశాడు. వీపు మీద, తొడల మీద కొట్టేవాడు.

కోర్టు వాయిదా దగ్గర పడేసరికి అతనికి ఆ గాటు గుండెల మీద కుంపటి అయింది. చెవి నుంచి నోటిదాకా ఎర్రగా, లావుగా తాడు అతికించినట్టు కనబడుతోంది. ఆ ముఖంతో ఆమె జడ్జి ముందు నిలబడితే ఎవరు ఏం చెప్పినా ఎవరూ వినరు. గాటు పోవాలి. కాలు జారి కొడవలి మీద పడ్డానని ఆమె చెప్పాలి. ఒక పొద్దున తల్లినీ భార్యనూ వెంటబెట్టుకుని జహీరాబాద్ బయలుదేరాడు.

డాక్టర్ హారిక క్లినిక్ మెయిన్ రోడ్డు మీద, మందుల దుకాణం పైన ఉంది. ఆమె తండ్రి హనుమంతరావు కోస్తా నుంచి ఇక్కడి ఫ్యాక్టరీలో ఇంజనీరుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. హారిక ప్లాస్టిక్ సర్జరీ చదివి, హైదరాబాద్‌లో కొన్నాళ్లు పనిచేసి, పెరిగిన ఊళ్లోనే క్లినిక్ పెట్టుకుంది. కాలిన చేతులు, తెగిన చెవితమ్మెలు బాగుచేయడానికి పెట్టిన చోటికి ఎక్కువగా వేరే ప్రశ్నలతో వచ్చేవాళ్లు. కోయకుండా పొట్ట తగ్గుతుందా, చల్లటి మిషన్ పెడితే కొవ్వు మళ్లీ రాదా, పెళ్లిలోపు రంగు తేలుతుందా అని అడిగేవాళ్లు. హారిక అందరికీ ఓపికగా, ఉన్నదున్నట్టు చెప్పేది. అందుకే సగంమంది మళ్లీ రారని రిసెప్షన్‌లో కూర్చునే ప్రవీణ బాధపడేది.

ఆ రోజు హారిక ప్రణీతను కుర్చీలో కూర్చోబెట్టి దీపం దగ్గరికి లాగగానే, ప్రశ్నలు విరూపాక్షే మొదలుపెట్టాడు.

“మచ్చ మొత్తం పోతదా మేడం?”

“మొత్తం పోదు. ఏ మచ్చా మొత్తం పోదు. సన్నగా, పక్క చర్మంలో కలిసేలా చేయొచ్చు.”

“లేజర్ పెడితే?”

“లేజర్‌కైనా చాలాసార్లు రావాలి. మధ్యలో వారాల ఎడం ఉండాలి.”

“కోసి మళ్ల కుట్టొచ్చు గద. సన్నగ.”

“ఇంకా ఎర్రగా ఉంది. ఏడాదన్నా ఆగాలి. ఇప్పుడు కోస్తే ఇంకా లావుగా లేస్తుంది.”

“సూది మందు ఉంటదట.”

“లావుగా ఉన్నచోట వేస్తే మెత్తబడుతుంది. అదీ నెలల పని. ఎందుకండీ తొందర?”

“ఫంక్షన్ ఉన్నది,” అన్నాడు విరూపాక్ష. మళ్లీ అడిగాడు. “మీరు ఎంతోకొంత చేసినంక, ఇది కత్తి గాయమని చూసినోళ్లకు తెలుస్తదా?”

హారిక చేయి ప్రణీత గడ్డం మీద ఆగిపోయింది. అతని వైపు చూడకుండానే, “పేషెంట్‌ను పరీక్ష చేయాలి. మీరిద్దరూ బయట కూర్చోండి,” అంది.

“నేనుంట. ఆడదాన్నే గద,” అంది సంగమ్మ.

“వద్దమ్మా. మీరూ బయటికే.”

తలుపు వేశాక హారిక కుర్చీ జరుపుకుని ప్రణీత ఎదురుగా కూర్చుంది. “ఇప్పటిదాకా ఆయనే అడిగాడు. మీరు అడగాల్సింది ఏమన్నా ఉంటే అడగండి.”

ప్రణీత తలుపు వైపు చూసింది. మాట్లాడేటప్పుడు ఆమె నోరు కుడి పక్కనే కదులుతోంది.

“నీళ్లు తాగితే ఈ పక్కకెళ్లి కారుతయి మేడం. బువ్వ తింటే చెంపల ఇరుక్కుంటది. గది ఆగుతదా?”

“పళ్లు కనబడేలా చేయండి.”

ప్రణీత చేసింది. కుడి కొస పైకి లేచింది. ఎడమ కొస చచ్చుగా వేలాడింది. హారిక ఆ చెంప మీద వేళ్లు పెట్టి మెల్లగా నొక్కి చూసింది. చర్మం కింద నోటిని ఎత్తే నరం తెగి ఉంది. పైన కుట్టారు గానీ లోపల నరాన్ని ఎవరూ కలపలేదు.

“ఈ దెబ్బ ఎప్పుడు తగిలింది?”

“చెరకు కోతలప్పుడు.”

హారిక మనసులో నెలలు లెక్కపెట్టుకుంది. “చూడండి ప్రణీతా. మచ్చకు తొందర లేదు, అది ఎన్నాళ్లయినా ఆగుతుంది. నరానికి మాత్రం ఆలస్యం చేయకూడదు. ఏడాది దాటితే కండ ఎండిపోతుంది, ఆ తర్వాత నరం అతికినా లాభం ఉండదు. హైదరాబాద్ పెద్దాసుపత్రిలో కాలి నుంచి చిన్న నరం తీసి ఇక్కడ అతుకుతారు. మునుపటిలా అవుతుందని చెప్పలేను. నీళ్లు కారడం తగ్గొచ్చు.”

“నొప్పి పుడతదా?”

“పుడుతుంది. ఓర్చుకోగలిగినంతే.”

“ఓర్చుకుంట.” ప్రణీత కొంగు కొసతో నోటి పక్క తుడుచుకుంది. “ఫంక్షన్ ఏం లేదు మేడం. కోర్టున్నది. కొడవలి మీద పడ్డ అని చెప్పమంటున్నరు.”

హారిక లేచి తలుపు తీసింది. తర్వాత చాలాకాలం ఆమె ఈ సంగతే ఆలోచించింది. అప్పుడే పోలీసులకు ఫోన్ చేసి ఉంటే, ఏదో ఒక మందు రాసి పంపించి ఉంటే ఏమయ్యేదో అని. ఆ నిమిషంలో మాత్రం ఆమెకు కోపం తప్ప ఇంకేమీ తోచలేదు.

“ఈ మచ్చ నేను ముట్టుకోను. ఈమెకు కావాల్సింది నరం ఆపరేషన్. హైదరాబాద్‌కు రాసిస్తాను, ఇవాళే తీసుకెళ్లండి,” అంది.

“మచ్చ తియ్యమని తెచ్చిన,” అన్నాడు విరూపాక్ష.

“తీయను.”

“మరి బోర్డెందుకు పెట్టుకున్నవ్?”

అతను లోపలికి వచ్చి ప్రణీత జడ పట్టి కుర్చీలోంచి లాగాడు. హారిక అడ్డం నిలబడింది. విరూపాక్ష అరచెయ్యి విప్పి ఆమె ముఖం మీద కొట్టిన దెబ్బకు ఆమె స్టీలు బల్ల మీదికి పడింది. కనుబొమ చీలి కంట్లోకి నెత్తురు దిగింది. ప్రవీణ మెట్లు దిగుతూ పోలీసులకు ఫోన్ చేసింది.

విరూపాక్ష లేజర్ మిషన్‌ను కాలితో తన్నాడు. అది బోర్లా పడి అద్దం పగిలింది. ట్రేలో ఉన్న వస్తువులు నేల మీద చిందరవందరగా పడ్డాయి. వాటిలోంచి పొడుగు కత్తెర ఏరుకుని, ప్రణీతను గోడకు అదిమి, కుడి చెంప మీద దాని మొన పెట్టాడు.

“ఏం చెప్పినవే దీనికి? ఈ చెంప గూడ గీస్త. రెండు ఒక్కతీరు అయితయి.”

“ఇడిసిపెట్టురా, ఎవలన్న జూస్తరు,” అంది సంగమ్మ గుమ్మంలోంచి.

మొన చర్మంలోకి దిగింది. ప్రణీత కన్ను మూయలేదు. మోకాలు ఎత్తి అతని పొత్తికడుపులో పొడిచింది. అతను వంగాడు. ఆమె చేతికి అందింది డాక్టర్ కూర్చునే ఇనుప స్టూలు. రెండు చేతులా ఎత్తి అతని కత్తెర చేతి మీద కొట్టింది. మణికట్టు విరిగిన చప్పుడు గదిలో అందరికీ వినబడింది. కత్తెర జారిపోయింది. అతను తల ఎత్తేసరికి స్టూలు అంచు నుదుటి మీద పడి, చర్మం చీలి తెల్లటి ఎముక కనబడింది. అతను వెల్లకిలా పడ్డాడు. ఆమె ఆపలేదు. భుజం మీద, పక్కటెముకల మీద కొడుతూనే ఉంది. నోటి ఎడమ పక్కన చొంగ కారుతోంది. గొంతులోంచి మాట కాని చప్పుడు ఏదో వస్తోంది. సంగమ్మ కొడుకు మీద పడి చేతులు అడ్డం పెట్టింది. స్టూలు ఆమె వేళ్ల మీద కూడా దిగింది.

అప్పటికి హారిక లేచింది. వెనక నుంచి ప్రణీతను రెండు చేతులా చుట్టి పట్టుకుంది. “చాలు. పడిపోయాడు. చాలమ్మా.”

ప్రణీత స్టూలు వదిలింది. గోడకు జారగిలబడి కూర్చుని, “సచ్చిండా?” అంది.

“లేదు.”

ఆమె కుడి చెంప మీది నెత్తురు కొంగుతో తుడుచుకుంది.

హారిక తన కనుబొమ మీద గుడ్డ కట్టుకుని విరూపాక్ష దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. నుదుటి నెత్తురు ఆపాలి. ఎవరికైనా వేసినట్టే అతనికీ జాగ్రత్తగా, దగ్గర దగ్గరగా కుట్లు వేసింది. అతను సగం స్పృహలో ఉన్నాడు. పోలీసులు మెట్లెక్కుతున్న చప్పుడు వినబడుతుండగా కళ్లు తెరిచి, “మేడం, నాకు మచ్చ ఉంటదా?” అన్నాడు.

“ఉంటుంది,” అంది హారిక.

ఎస్సై వచ్చి అందరినీ విచారించాడు. “కింద పడ్డంక గూడ కొట్టిందా మేడం?” అని అడిగాడు. హారిక ప్రణీత వైపు చూసింది. ప్రణీత ఆమెను ఏమీ కోరలేదు. “కొట్టింది. నేను పట్టుకుని ఆపాను. అంతకు ముందు ఆమె చెంప మీద అతను కత్తెర పెట్టాడు. అది కూడా రాసుకోండి,” అంది హారిక. విరూపాక్ష బెయిల్ పోయింది. అతని మణికట్టూ సంగమ్మ వేళ్లూ విరగ్గొట్టినందుకు ప్రణీత మీద కూడా ఒక కేసు పడింది.

ఆ కేసు ఒక పక్క నడుస్తుండగానే హారిక ఆమెను హైదరాబాద్ పంపింది. కాలి మడమ వెనక నుంచి నరం తీసి చెంపలో అతికారు. బస్వమ్మ ఆసుపత్రి వరండాలోనే వండుకుని, అక్కడే పడుకుంది. చాలా వారాలు ఏ తేడా లేదు. పాదం పక్కన మాత్రం మొద్దుబారింది. “ఉన్నది గూడ పాయెనేమో బిడ్డా,” అనేది బస్వమ్మ. తర్వాత ఒకనాడు ఝరాసంగంలో, గిన్నె ఎత్తి నీళ్లు తాగుతుంటే, కారడం తగ్గిందని ప్రణీతకే తెలిసింది. చెంప మీద పురుగు పాకినట్టు సన్నటి కదలిక. అంతకంటే ఎక్కువ రాలేదు.

కోర్టులో ఆమె బోనెక్కి ముఖం మీద కొంగు తీసేసింది. “ఈ గాటు ఈయనే పెట్టిండు. నేను నవ్విన అని పెట్టిండు. ఈయన చెయ్యి నేనే ఇరగ్గొట్టిన. మా అత్త వేళ్లు గూడ నేనే ఇరగ్గొట్టిన. రెండూ నిజమే,” అంది. వకీళ్లు ఎటు తిప్పి అడిగినా అంతకంటే ఎక్కువగానీ తక్కువగానీ చెప్పలేదు. విరూపాక్షకు జైలు పడింది. ప్రణీత మీద కేసు ఇంకా తేలలేదు.

వానలు వెనకబడిన ఒక పొద్దున సంగమ్మ షేర్ ఆటోలో ఝరాసంగం వచ్చింది. ప్రణీత వాకిట్లో కందులు చెరుగుతోంది. బస్వమ్మ లేచి అడ్డం నిలబడితే, “ఉండనియ్యే అమ్మా,” అంది ప్రణీత.

సంగమ్మ నిలబడే మాట్లాడింది. “పై కోర్టుకు పోతున్నం. నువ్వు వచ్చి రాజీ అయినమని చెప్తే వాడు బయటికొస్తడు. నీ మీద కేసు నేను తీసేసుకుంట.”

“చెప్పను అత్తా.”

“వాడు నీ మొగడే.”

“చెప్పను.”

 సంగమ్మ ఎండకు అలిసి అరుగు మీద కూలబడింది. ఆమె కుడిచేతి వేళ్లు రెండు వంకరగా బిగుసుకుపోయి ఉన్నాయి. బస్వమ్మ ఇచ్చిన నీళ్ల చెంబును ఎడమ చేత్తో అందుకుంది. ప్రణీత ఆ వంకర వేళ్లనే చూసింది.

“వేళ్లు ముడుచుకుంటలేవా?”

“లేవు. సలికి గుంజుతయి.”

“డాక్టరమ్మ దగ్గరికి పో. చూస్తది.”

“నీ పేరు చెప్తే చూస్తదా?”

“ఎవరి పేరు చెప్పకున్న చూస్తది.”

సంగమ్మ చెంబు కింద పెట్టింది. జహీరాబాద్ పోయే ఆటో హారన్ కొడుతుంటే లేచి, తిరిగి చూడకుండా దాని వైపు నడిచింది. ఎక్కి, డాక్టరమ్మ క్లినిక్ కింది మందుల దుకాణం దగ్గర దింపమని డ్రైవర్‌తో చెప్పింది. ఆటో కదిలిపోయాక ప్రణీత చేట అందుకుని మిగిలిన కందులు చెరిగింది.