గులాబీ రంగు ఇంటూ గుర్తు

టీగన్‌కి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే, ఇంట్లో తను ఉన్నట్టుండి చచ్చిపోతే పాప నెల్ పక్కనే ఏడ్చి ఏడ్చి ఊరుకుంటుంది, ఎవరికీ తెలియదు, మొగుడు కోడీ చేపల పడవ దిగి ఇంటికి రావడం మూడు వారాలకోసారి, పక్కిల్లేమో ఆపిల్ తోట దాటితే గానీ లేదు, ఎనిమిది నెలల పిల్ల గడియ తీయగలదా, ఇదిగో ఇప్పుడు కూడా, పార్కులో కంగారూలు చుట్టూ మూగి అరచేతిలో గింజలు తడిమూతులతో ఏరుకుంటుంటే, గుండెకి కట్టుకున్న గుడ్డలో నెల్ కాళ్లాడించి కిలకిలమంటుంటే, అదే ఆలోచన, పిల్ల నవ్వుతోంది, చూసుకుని సంతోషపడవే అనుకుంటుంది గానీ కళ్లు వాలబీల వైపే పోతున్నాయి, కంగారూలకి పొట్టి చెల్లెళ్లలా ఉంటాయవి, ఆరు వారాల కిందట సందెవేళ కారు ముందుకి దూకిందీ అలాంటిదే, ధబ్బుమన్న చప్పుడు, వెనక సీట్లో నెల్ ఏడుపు, ఆగాలి, దిగి దాని పొట్ట సంచిలో చూడాలి, తల్లి పోయినా సంచిలో పిల్ల బతికుండొచ్చు, టాస్మేనియాలో పుట్టినవాళ్లకి ఇది ఒకరు చెప్పక్కర్లేదు, పదోక్లాసులో బడి మానేసిన తనకి ఇంకేం తెలియకపోయినా ఇది తెలుసు, తెలిసీ ఆగలేదు, చెయ్యి పెట్టే ధైర్యం లేక, మర్నాడు అటు వెళ్తే దాని ఒంటి మీద గులాబీ రంగు ఇంటూ గుర్తు, ఎవరో ఆగారు, చూశారు, ఇంకెవరూ ఆగి వెతుక్కోనక్కర్లేకుండా రంగు కొట్టి వెళ్లారు, కానీ సంచిలో ఏం దొరికిందో గుర్తు చెప్పదుగా.

అడగడానికే వచ్చింది, అడగలేక రెండుసార్లు గింజలు కొంది, తల్లి పోయిన జంతువుల పిల్లల్ని సాకే ఈ పార్కు నడిపే మెరిల్‌కి డెబ్బై ఉంటాయి, రబ్బరు బూట్లు, మెడలో పాత ఉన్ని స్వెట్టరుతో కుట్టిన సంచి, ఏంటమ్మాయ్, డెవిల్ అనే ఆ నల్లజంతువు పళ్లు చూసి జడుసుకుంటారుగానీ నన్ను చూసి జడుసుకుంటావేంటి అంది, దాంతో టీగన్ కక్కేసింది, వంతెన దగ్గర మలుపు, గులాబీ రంగు, గుద్దేసి ఆగకుండా పోయింది నేనే, మెరిల్ తిడుతుందనుకుంది, తిట్టలేదు, రంగు డబ్బా నాదే, సంచిలో పెట్టిన చెయ్యీ నాదే, ఇదిగో మహాతల్లీ నీ నేరం, అని స్వెట్టరు మూతి విప్పితే రెండు చెవులు, రెండు నల్లటి కళ్లు, బతికుంది, బతికుంది, మొండిది, పాలు ఆలస్యమైతే నా గుండీలు నమిలేస్తుంది, సీసా నువ్వు పట్టు, అమ్మో, పాపని వదల్లేను అంది టీగన్, నీకున్నవి రెండు చేతులేగా, ఒక పిల్లని ఇటివ్వు.

తనూ కోడీ తప్ప ఎవరూ ఎత్తుకోలేదు నెల్‌ని, గుడ్డ ముడి విప్పింది, నెల్ ఏడుస్తుంది, ఇప్పుడేడుస్తుంది, ఏడవలేదు, మెరిల్ టోపీ లాక్కుని అంచు చప్పరిస్తోంది, తన ఒళ్లో ఆ చిన్నది వెచ్చగా, పొడుగు తోక మడుచుకుని, గుటుక్ గుటుక్‌మని తాగుతోంది, దాని గుండె తన పొట్టకి తగులుతోంది, నన్ను క్షమించు అనబోయి ఆ మాట చిన్నదైపోయి, ఆగినందుకు మీకు, మీకు, అని ముక్కు చీదుకుంది, ఊరుకోవే, పాలల్లో కన్నీళ్లు కలపకు, దానికి పడవు అంది మెరిల్, టికెట్టు వెనక టీగన్ తన అడ్రసు రాసిచ్చింది, ఇంట్లో నేనూ పాపే, రోజూ పొద్దున్నే మెసేజ్ పెడతాను, రాకపోతే ఒకసారి వచ్చి చూస్తారా, చూస్తాలే, రంగు డబ్బా తేవాలా వద్దా, ఇద్దరూ పడీపడీ నవ్వారు, నెల్ కూడా.

ఆగేవాళ్లున్నారు, ఎక్కడ ఆగాలో మనం చెప్పాలంతే, ఇంటికి వెళ్తూ టీగన్ మనసు ఆ మాట దగ్గరే కుదురుకుంది, మెరిల్‌కీ డెబ్బై ఏళ్లు, ఆవిడ మాత్రం ఎన్నాళ్లు రాగలదు, అందుకే మీకూ చెప్పడం, ఆపిల్ తోట పక్కన ఎర్రరేకుల ఇల్లు, మీరెప్పుడైనా ఆ దారిన పోతుంటే, మధ్యాహ్నమైనా కర్టెన్లు తీసి ఉండకపోతే, కారాపి ఒక్కసారి తలుపు తట్టి చూడండి.