ఆళ్లగడ్డ సంచి

1981లో నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు తపాలా సంచులు చేర్చే పనిని ప్రైవేటు కాంట్రాక్టరుకు అప్పగించారు. పదేళ్లుగా ఆ పని చేసిన యేసురత్నాన్ని నంద్యాల ఆఫీసులో కూర్చోబెట్టారు. యూనియన్ ఆందోళనకు దిగింది. అయితే యేసురత్నాన్ని దహించింది వేరొకటి. ఆళ్లగడ్డలో సంచులందుకునే గుమాస్తా జయమ్మ, ఇన్నాళ్లూ తనకు పోసినట్టే, ఇప్పుడు కాంట్రాక్టరు డ్రైవరు దాసరయ్యకు టీ పోస్తోందట.

“జీపు రోజూ ఆలస్యంగా వస్తాందని రాసియ్యన్నా, కాంట్రాక్టు పోతాది” అన్నాడు యూనియన్ కార్యదర్శి. జీపు ఏ వేళకు వస్తోందో చూడకుండానే యేసురత్నం రాసిచ్చాడు.

విచారణలో అధికారి రిజిస్టరు తెరిచాడు. జీపు వేళకే వచ్చిందని ప్రతిరోజూ జయమ్మ సంతకం చేసింది. ఫిర్యాదు నిజమైతే ఆమె ఉద్యోగం పోతుంది. ఆ సంగతి యేసురత్నానికి అప్పుడే తట్టింది. వెనక్కి తీసుకుందామని లేచాడు.

“ఏమప్పా, నువ్వు యాడ నిలబడి చూసినావు?” అంది సాక్ష్యానికి వచ్చిన జయమ్మ. తర్వాత అధికారివైపు తిరిగి, “దాసరయ్యన్న బంగారం సార్, ఒక్కదినమూ ఆలస్యం చేయలే” అంది.

“చేసినాడు సార్” అన్నాడు యేసురత్నం. “నా కండ్లతో చూసినా.”

కాంట్రాక్టు రద్దయింది, జయమ్మ ఉద్యోగమూ పోయింది. యేసురత్నం మళ్లీ తెచ్చిన మొదటి సంచిని కొత్త గుమాస్తా తలెత్తకుండా అందుకుని, రిజిస్టరులో వేళ రాసుకున్నాడు.