ఆఖరి కుట్టు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అత్తగారు పెళ్ళయిన వారానికే కనిపెట్టారు. అప్పటినుంచీ ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతూనే ఉన్నారు. కాదనను. కానీ ఇప్పుడు చెప్పబోయే దానికి కోపం రాకపోతే మాత్రం అది మనిషి పుట్టుకే కాదు.

నేను పశువుల డాక్టరును. మా ఆసుపత్రికి వచ్చేవి ఎక్కువగా కుక్కలూ పిల్లులూ. జ్వరాలూ గజ్జీ టీకాలూ చూస్తూ సగం తల నెరిశాక, సర్జరీలో పై చదువుకి కూర్చున్నాను. పగలంతా ఆసుపత్రి, తెల్లారకుండానే వంటింటి బల్ల మీద పుస్తకాలు. "ఈ వయసులో చదువేమిటే, కళ్ళజోడు మందం పెరగడానికి కాకపోతే" అనేవారు అత్తగారు. అంటూనే నా ముందు వేడి టీ పెట్టేవారు.

చదవమన్నది పెద్ద డాక్టరు. ఆసుపత్రి ఆయనది. నాకు కత్తి పట్టడం నేర్పిందీ ఆయనే. "ఆ డిగ్రీ తెచ్చుకో అమ్మాయ్. ఆపరేషన్ గది నీకు అప్పగించేసి, నేను బయట కుర్చీ వేసుకుని కూర్చుంటాను" అన్నారు. ఆ మాట పట్టుకునే చదివాను. సర్జరీ హెడ్ అనిపించుకోవాలన్న మోజు లేదంటే అబద్ధం. కానీ అసలు సంగతి వేరే ఉంది. కొంతకాలంగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. టీ కప్పు సాసర్ మీద టకటకమంటుంటే అందరం కిటికీలోంచి బయటికి చూసేవాళ్ళం. ఆ చెయ్యి ఏదో ఒక కుక్కని పొట్టన పెట్టుకునేలోగా ఆ గది నా చేతికి రావాలి. నాకు కావలసిందల్లా అదే.

పరీక్షలో నోటి ప్రశ్నల రోజున ఒకాయన అడిగాడు. "మీ పై డాక్టరు ఆపరేషన్ బల్ల దగ్గర తడబడితే ఏం చేస్తారు?"

"నేను అందుకుంటాను" అన్నాను.

"తరవాత?"

తరవాత ఏముంటుంది నా మొహం, అనుకున్నాను. నవ్వి మార్కులు వేశాడు. పాసయ్యాను. ఇంట్లో మా ఆయన "హెడ్డుగారూ, కూరలో ఉప్పు వేయమని సెలవా?" అంటూ వారం రోజులు ఏడిపించాడు. ఆసుపత్రిలో నా పేరుతో బోర్డు కూడా తయారైంది. సోమవారం తలుపుకి బిగిస్తారని చెప్పారు.

మా ఆసుపత్రిలో పెద్ద డాక్టరు పెట్టిన పద్ధతి ఒకటి ఉంది. ఆపరేషన్లో ఆఖరి కుట్టు ఎవరు వేస్తే వాళ్ళే చేతులు కడుక్కుని, గౌను విప్పి, బయటికెళ్ళి కబురు చెప్పాలి. మంచయినా చెడయినా సరే. నర్సుల చేత చెప్పించకూడదు, పక్కవాళ్ళ పేరు ఎత్తకూడదు. నేను చేశాను, ఇలా అయింది, అంతే. ఆ పద్ధతంటే నాకు ప్రాణం. తప్పించుకు తిరిగే డాక్టర్లని చాలామందిని చూశాను మరి.

శుక్రవారం పొద్దున బేకరీ ఆవిడ బొగ్గుని తీసుకొచ్చింది. బొగ్గంటే ఆవిడ నల్లకుక్క. అది గుప్పెడంత ఉన్నప్పుడు మొదటి టీకా వేసింది నేనే. అప్పుడు నా చెప్పు కొరికింది, అప్పటినుంచీ నేనంటే దానికి చెప్పే గుర్తు. ఇప్పుడు దాని ప్లీహం మీద పెద్ద గడ్డ, ఎప్పుడు పగిలి నెత్తురు పోతుందో తెలియదు. ఆ రోజే తీసెయ్యాలి.

"నువ్వే చెయ్యాలి డాక్టరమ్మా" అంది బేకరీ ఆవిడ. చేతుల మీద ఇంకా మైదాపిండి ఉంది. "పెద్ద చదువు చదివావటగా. ఇంకెవరి చేతుల్లోనూ పెట్టను."

"నేనే చేస్తాను" అన్నాను.

లోపల పెద్ద డాక్టరు అప్పటికే గౌను తొడుక్కుని నిలబడి ఉన్నారు.

"సార్, ఇది నాకివ్వండి. ఆవిడ నన్నే అడిగింది."

"సోమవారం నుంచి అన్నీ నీవే. ఇవాళ నా పక్కన నిలబడు" అన్నారు.

ఒళ్ళు మండింది. కానీ నేర్పినవాడి ముందు నోరు పెగలదు, అదేం జబ్బో. నిలబడ్డాను.

పొట్ట తెరవడం చక్కగానే తెరిచారు. ఆ కాసేపు పాతకాలం గుర్తొచ్చి ముచ్చటేసింది కూడా. తరవాత పెద్ద రక్తనాళానికి దారంతో ముడి వేశారు. వేస్తుంటే చెయ్యి వణికింది. "సార్, ఇంకో ముడి" అన్నాను. "నాకు చెప్తున్నావా?" అంటూ నాళాన్ని బిగించి పట్టుకున్న పట్టుకారు వదిలేశారు. ముడి జారింది. ఒక్కసారిగా పొట్టంతా నెత్తురు. నాళం లోపలికి జారిపోయింది, కనబడదు. ఆయన చెయ్యి ఆ నెత్తుట్లో పిచ్చిదానిలా వెతుకుతోంది.

"తప్పుకోండి సార్" అన్నాను. తప్పుకున్నారు.

దొరకబుచ్చుకుని కట్టాను. నెత్తురు ఆగింది. కుట్లు మొదలుపెట్టాను. మత్తు చూసే నర్సు, మేమంతా అక్కా అని పిలిచే మనిషి, "గుండె పడిపోతోందమ్మా" అంది. మందులిచ్చాం, ఛాతీ నొక్కాం, చేతులు పడిపోయేదాకా నొక్కాం. బొగ్గు పోయింది.

అయినా పొట్ట కుట్టాలి. తెరిచిన పొట్టతో ఆవిడకి ఎలా ఇస్తాం? కుట్టాను. ఆఖరి కుట్టు వేసి తలెత్తితే అక్క నన్నే చూస్తోంది. అప్పుడు వెలిగింది నాకు. పెద్ద డాక్టరు సింకు దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. ఇటు తిరగలేదు.

పద్ధతి పద్ధతే. వెళ్ళాను.

"నేను చేశాను. నెత్తురు ఎక్కువ పోయింది. బతికించలేకపోయాను" అన్నాను.

బేకరీ ఆవిడ అరవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నీ చేతుల్లోనే పెట్టాను కదమ్మా" అంది. అదే మాట రెండోసారి మెల్లగా అని, కుర్చీలో కూలబడింది. నాలిక చివర ఇంకో పేరు ఉంది. మింగేశాను.

సాయంత్రం పెద్ద డాక్టరు గదిలోకి వెళ్ళాను. ఆయనే ఎదురొచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. "బాధపడకు. మొదటి చావు అందరికీ ఉంటుంది" అన్నారు.

"సార్, జారింది మీ ముడి."

"నా ముడి నా సర్వీసులో ఎన్నడూ జారలేదమ్మా. గట్టిగా కట్టే నీకు అప్పగించాను" అన్నారు. ఎంతో ప్రేమగా అన్నారు. అబద్ధమాడి ఉంటే మొహం మీదే కడిగేసేదాన్ని. ఆడటం లేదు. నమ్ముతున్నారు. ఆ వణుకు నా భుజం మీద తెలుస్తూనే ఉంది, ఆయనకి మాత్రం తెలియడం లేదు.

అక్కని అడిగాను. "నువ్వు చూశావు కదా, చెప్పక్కా."

"నేను మిషను చూస్తున్నానమ్మా, ముడి చూళ్ళేదు" అంది, కళ్ళు దించుకుని. ఆవిడకీ ఉద్యోగం కావాలి. అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కడుపుమంట చల్లారుతుందా?

సోమవారం అందర్నీ కూర్చోబెట్టి పెద్ద డాక్టరు చెప్పారు. "అమ్మాయి చదువు పూర్తయింది. చెయ్యి ఇంకా కుదరాలి. ఇంకొన్నాళ్ళు నా పక్కన ఉంటుంది. తొందరేముంది?" అందరూ తలలూపారు. ఎవరూ నా వైపు చూడలేదు. నా బోర్డు స్టోరు గదిలో, దూది డబ్బాల వెనక, గోడకి మొహం పెట్టి నిలబడింది. ఇంట్లో ఆ రోజు మా ఆయన జోకు వెయ్యలేదు. అత్తగారు మాత్రం "మానేసి వేరే చోటికి పోరాదా?" అన్నారు. నేను పోతే ఆ బల్ల దగ్గర ఆయన పక్కన ఎవరుంటారు? అది ఆవిడకి ఎలా చెప్పను?

మర్నాడు రబ్బరు బంతి మింగిన కుక్క వచ్చింది. కరెంటు పని చేసే ముసలాయనది. పెద్ద డాక్టరు పేగు కోసి బంతి తీశారు. పేగు కుట్టడం మొదలుపెట్టగానే మళ్ళీ వణుకు. సూది ఒకచోట దిగాల్సింది ఇంకొకచోట దిగుతోంది. అలా వదిలేస్తే ఆ కుట్లలోంచి కారి, నాలుగు రోజుల్లో కుక్క చస్తుంది. అందుకుంటే ఏమవుతుందో ఈసారి నాకు తెలుసు. అక్కకీ తెలుసు. మిషను మీంచి కళ్ళు తీసి నన్ను చూసింది.

"ఇటివ్వండి సార్" అన్నాను.

సూది నా చేతిలో పెట్టేశారు.

వేసిన కుట్లు విప్పి, మళ్ళీ వేశాను. పేగు నిలిచింది. పొట్ట మూశాను. కుక్క ఊపిరి సాఫీగా ఆడుతోంది. ఆఖరి కుట్టు వేసి దారం కత్తిరించి, చేతులు కడుక్కోవడానికి వెనక్కి తిరిగితే పెద్ద డాక్టరు గదిలో లేరు.

తలుపు అద్దంలోంచి కనబడ్డారు. గౌను విప్పేశారు. కుడిచెయ్యి కోటు జేబులో ఉంది. ముసలాయన రెండు చేతులూ ఎత్తి ఆయనకి దణ్ణం పెడుతున్నాడు, కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి.

ఇక పట్టలేకపోయాను. తడిచేతులతోనే తలుపు తోసుకుని వెళ్ళాను.

"ఆఖరి కుట్టు నాది" అన్నాను. గట్టిగానే అన్నాను. హాల్లో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పారు.

పెద్ద డాక్టరు నవ్వారు. కోపం లేదు, తడబాటు లేదు. "అవునవును. చివర్లో ఈ అమ్మాయే కుట్టింది. నా దగ్గరే నేర్చుకుంటోంది" అన్నారు.

ముసలాయన కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగాడు. నా నెరిసిన తలని చూశాడో లేదో.

"అదృష్టవంతురాలివి తల్లీ. ఇలాంటి చెయ్యి మళ్ళీ దొరకదు. శ్రద్ధగా నేర్చుకో" అన్నాడు.

నా చేతులనుంచి నీళ్ళు నేల మీదికి కారుతున్నాయి. పెద్ద డాక్టరు జేబులోంచి చెయ్యి తియ్యలేదు.

"అలాగేనండీ" అన్నాను.