జానెడు ముగ్గు

నీళ్ళ చప్పుడు.

ముందు ఎదురింటి గుమ్మంలో. తర్వాత ఆ పక్కింట్లో. ఆ తర్వాత వీధి పొడుగునా… గుప్పెళ్ళతో చల్లిన నీళ్ళు నేలను తాకే చప్పుడు, తడిసిన దుమ్ము వాసన, దాని వెనకే సముద్రం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి.

సారం అనే ఈ పేటలో తెల్లవారడం అంటే ఇదే.

సుగంధి కూడా నీళ్ళు చల్లింది. అంతవరకే. చల్లి, ఖాళీ బకెట్టుతో లోపలికి వచ్చేసింది. అత్త లోగనాయకి పోయి ఇంకా ఏడాది తిరగలేదు. సంవత్సరీకం అయ్యేదాకా ఈ గుమ్మంలో ముగ్గు పడదు.

వీధి నిండా ముగ్గులు. ఈ ఇంటి ముందు మాత్రం తడి నేల.

ఆ పొద్దునే ఫోన్లో నందిత గొంతు వచ్చింది.

నందిత పక్క వీధిలో కుట్టు మిషన్లు పెట్టుకున్న మనిషి. ఆమె మేడ మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు చేరి చిన్న బొంతలు కుడతారు. కప్పుకునేవి కావు, గోడకు పెట్టుకునేవి. జానెడు పొడుగు, జానెడు వెడల్పు. పైన ఒక గుడ్డ, కింద ఒక గుడ్డ, నడుమ పలచగా దూది… మూడింటినీ కలుపుతూ సూది ఏ దారిన పోతే అదే బొమ్మ. నెలకో మాట వస్తుంది. ఆ మాటను ఎవరికి తోచినట్టు వాళ్ళు గుడ్డ మీదికి తేవాలి. ఒకరికి తెలుగు చదవడం రాదు, ఇంకొకరికి తమిళం చదవడం రాదు. అందుకే నందిత మాటను నోటితోనే పంపిస్తుంది.

ఒక నెల 'ఉప్పు' వచ్చింది. ఒక నెల 'కిటికీ'. 'వాన' వచ్చినప్పుడు సుగంధి కుట్టిన నీలం చినుకులు చూసి అత్త మూతి తిప్పింది.

"జానెడు బొంత. దీన్ని ఎవురికి కప్పేది? పిల్లికా?"

ఈ నెల మాట — ముగ్గు.

సుగంధి ఫోను బోర్లించి పెట్టింది. నందిత తప్పు కాదు. మాటను చీటీ తీసి ఎంచుతారు. ఎవరింట్లో ఎవరు పోయారో చీటీకేం తెలుసు.

ఏ ముగ్గు కుట్టాలో ఆలోచించనక్కర్లేదు. ఉన్నది ఒక్కటే — అత్త వేసే దీపం.

చుక్కలు పెట్టి, చుక్కల చుట్టూ మెలికలు తిప్పుతూ, ఎక్కడా చెయ్యి ఎత్తకుండా ఒకే గీత. గీత తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వచ్చి కలిసేసరికి తడి నేల మీద దీపం. అడుగున దిమ్మె, నడుమ సన్నటి కాడ, పైన జ్వాల. ఆ ముగ్గు వీధిలో ఇంకెవరికీ రాదు. కాగితం మీద లేదు, ఫోటో లేదు. రోజూ కనిపించేదాన్ని ఎవరు ఫోటో తీస్తారు? బియ్యప్పిండి ముగ్గు. మధ్యాహ్నానికి సగం చీమలు మోసుకుపోయేవి, మిగతా సగం చెప్పుల కింద పోయేది. రేపు మళ్ళీ ఉంటుంది కదా అనుకున్నారు అందరూ.

ఇప్పుడు అది సుగంధి తలలో మాత్రమే ఉంది. అక్కడినుంచీ జారిపోతోంది. ఈ నెల పట్టుకోలేకపోతే ఇక లేనట్టే.

అత్త కోడలికి కూడా నేర్పలేదు. అదే మంట. కాపురానికి వచ్చిన కొత్తలో సుగంధి పిండి గిన్నె అందుకోబోతే లాక్కుంది.

"నువ్వు బకెట్టు పట్టుకోని ఆడనే నిలుసుకో. చాలు."

ఆడనే — అంటే గడపకు లోపల. అత్త వీధిలో, వీధికి వీపు పెట్టి, నడుం వంచి. కోడలు లోపల, బకెట్టుతో. ఏళ్ళ తరబడి ఆ చోట్లు మారలేదు. పరాయిదాన్ని కాబట్టే దగ్గరికి రానివ్వలేదని సుగంధి నమ్మింది. ఇంట్లో అన్ని పనులకూ తన చేతులు కావాలి, ముగ్గుకు మాత్రం అక్కర్లేదు. అత్త పోయినా ఆ కోపం పోలేదు. పోయిన మనిషి మీది కోపం ఎక్కడ దించుకోవాలో తెలియక అలాగే మోస్తూ తిరుగుతోంది.

తడి నేల రంగు గుడ్డ వెతికి తెచ్చుకుంది. చుక్కలకు ముడి కుట్టు వేసింది. గీతకు తెల్లటి నూలు దారం.

కళ్ళు మూసుకుంటే అత్త చెయ్యి కనిపిస్తుంది. అత్త తన పాదాల దగ్గరి చుక్కతో మొదలుపెట్టేది. ఎడమకు ఒక మెలిక, కుడికి రెండు… సుగంధి కూడా తన వైపున్న చుక్కతోనే మొదలుపెట్టింది. దీపం దిమ్మె దగ్గర. ఎడమకు ఒక మెలిక, కుడికి రెండు…

గీత కలవలేదు.

విప్పింది. మళ్ళీ కుట్టింది.

కలవలేదు.

జ్వాల దగ్గరికి వచ్చేసరికి ఒక చుక్క మిగిలిపోతోంది — చుట్టూ గీత లేకుండా, ఒంటరిగా. విప్పిన ప్రతిసారీ గుడ్డలో సూది బెజ్జాలు మిగిలాయి. ఒక సాయంత్రం గుడ్డ పక్కన పడేసి ఏడ్చింది. ముగ్గు కోసమో, అత్త కోసమో తనకే తెలియలేదు.

భర్త నటేశన్‌ది మేట్టుపాళయంలో ఫ్యాక్టరీ పని. షిఫ్టు ముగించి తెల్లవారాక ఇంటికి వస్తాడు. మర్నాడు కాఫీ తాగుతూ బల్ల మీది గుడ్డను చూశాడు.

"ఇది అమ్మది కాదే."

"అమ్మదే. దీపం."

"దీపమే. అయితే అమ్మది తలకిందలగా ఉంటాది." గుడ్డను తన వేళ్ళతో తిప్పి పెట్టాడు. "ఇట్ల. దినామూ షిఫ్టు విడిచి వస్తా చూసేది నేనే కదా. ఒగసారి అడిగితిని కూడా. ఏందమ్మా, అందురూ వీధికి నేరుగా ఏస్తారే, నువ్వు తలకిందల ఏస్తావేంది అని."

సుగంధి గుడ్డ మీదికి వంగింది.

"ఏమనింది?"

"లోపల నిలుసుకోనుండే పిల్లకి నేరుగానే ఉండాది, నువ్వు పొయ్యి నిద్రపో, అనింది."

అతనికి అది గుర్తుండిపోయిన మాట, అంతే. గ్లాసు కడిగి బోర్లించి పడుకోవడానికి వెళ్ళాడు.



గడప లోపల నిలబడ్డ పిల్ల.

బకెట్టు పట్టుకున్న పిల్ల.

వీధంతా వచ్చేపోయేవాళ్ళ కోసం ముగ్గులు వేస్తుంటే, అత్త ఒక్కతే లోపలున్న మనిషి కోసం వేసింది. తనకు తలకిందులుగా, ఎదుట నిలబడ్డదానికి నేరుగా. రోజూ. నోరు తెరిచి ఒక్క మంచి మాట అనకుండా… ఒక్క మాట అంటే ఏం పోయేది అత్తా?

అత్త పాదాల దగ్గరి చుక్క దిమ్మెది కాదు.

జ్వాలది.

గుడ్డను అతను తిప్పిన వైపే ఉంచి, కొత్త దారం ఎక్కించి, జ్వాల దగ్గర మొదలుపెట్టింది. ఎడమకు ఒక మెలిక, కుడికి రెండు… కాడ వెంట పోయి, దిమ్మెను చుట్టి, మళ్ళీ వెనక్కి. ఏ చుక్కా మిగల్లేదు. గీత బయల్దేరిన చోటికి ఒక్క కుట్టు దూరంలో నిలిచింది.

ఆ కుట్టు వేయలేదు. ఏడాది తిరగలేదు కదా. సూదిని అక్కడే గుచ్చి ఉంచింది.

నెలాఖరున నందిత మేడ మీద గోడకు అందరి బొంతలూ ఎక్కాయి. ఒకరిది రథం. ఒకరిది తామర. నందిత సుగంధి బొంత అందుకుని గుచ్చి ఉన్న సూదిని కదిలించకుండా మేకు దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ ఆగి అడిగింది.

"ఏ పక్క పైకి పెట్టేది అక్కా?"

అత్త చూసిన వైపా, తను చూసిన వైపా? సుగంధి బొంతను వెనక్కి తీసుకుని ఇంటికి వచ్చేసింది.

తెల్లారింది.

నీళ్ళ చప్పుడు. ఎదురింట్లో. ఆ పక్కింట్లో…

సుగంధి నీళ్ళు చల్లింది. ఈసారి లోపలికి రాలేదు. మెట్టు దిగి, వీధికి వీపు పెట్టి, అత్త నిలబడే చోట నిలబడింది. నడుం వంచింది. చేతిలో పిండి లేదు.

అక్కడినుంచి తలెత్తితే గుమ్మం మొత్తం కనిపిస్తుంది. ఇన్నేళ్ళూ ఆ సంగతి ఆమెకు తెలియదు. గడప, గడప వెనక బండ, బండ మీద బకెట్టు పెట్టి పెట్టి పడిన గుండ్రటి మరక.

అక్కడ ఎవరూ లేరు.

తడి నేల మెల్లగా ఆరుతోంది. వీధి చివర ఎవరో ఇంకా నీళ్ళు చల్లుతున్నారు…